పేడ పోసిన డ్రమ్ము

జైలు నుంచి విడుదలైన మనిషి ఎవడైనా ముందు పెళ్ళాం మొహం చూసుకుంటాడు. తిరుపతి ఆ రకం కాదు. ఇరవై రోజుల తర్వాత చంచల్‌గూడ గేటు దాటి, తోటి మాస్టారు మధుకర్ బండి వెనక కూర్చుని గడ్డిఅన్నారంలో దిగినవాడు, గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అరుణజ్యోతిని తప్పించుకుని నేరుగా పెరట్లో రేకుల షెడ్డు వైపు నడిచాడు. ఆమెకి ఒళ్ళు మండదా? మండింది.

"పో పో. నీ అసలు పెండ్లాం గాడనే ఉన్నది" అని హారతి పళ్ళెం అరుగు మీద టపీమని పెట్టేసింది.

షెడ్డులో ఉన్నది ఒక నల్లటి ప్లాస్టిక్ డ్రమ్ము. రెండొందల లీటర్లది. పైన మూత బిగించి ఉంటుంది, మూతలోంచి ఒక గొట్టం, అడుగున ఒక పంపు. చూసినవాళ్ళు నీళ్ళ డ్రమ్ము అనుకుంటారు. దాని కోసం తిరుపతి నాలుగేళ్ళు పండగ చూడలేదు, పబ్బం చూడలేదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కెమిస్ట్రీ చెప్పి గొంతు పోగొట్టుకుని వచ్చి, చొక్కా అయినా మార్చకుండా దాని ముందు కూర్చునేవాడు.

సంగతేమిటంటే, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో రోజూ కుప్పలుగా పారబోసే కుళ్ళిన పండ్లుంటాయి కదా. నల్గొండ బత్తాయిలు, మెత్తబడిన బొప్పాయిలు, చితికిన ద్రాక్ష. జనం ముక్కు మూసుకుని పోయే ఆ కుప్పల్లో కంటికి కనబడని క్రిములు ఉంటాయని, వాటిలో ఒక జాతి పండ్లలో తీపిని తిని హైడ్రోజన్ వదులుతుందని, దాంతో బండి నడుస్తుంది, దీపం వెలుగుతుంది, పొగ అనేదే ఉండదని తిరుపతి నమ్మకం. నమ్మకం అనడం కూడా తప్పే, చేసి చూపించాడు. కుప్ప అడుగున తవ్వి తెచ్చిన బురదని పెంచి, వడగట్టి, మళ్ళీ పెంచి, పనికిమాలినవాటిని చంపుకుంటూ, పనికొచ్చేవాటిని బతికించుకుంటూ నాలుగేళ్ళకి ఒక మంచి విత్తనం తయారుచేశాడు. విత్తనం అనే అనేవాడు ఆ బురదని. అది వదిలిన గ్యాసుని దాన్ని కరెంటుగా మార్చే ఒక చిన్న ఫ్యూయెల్ సెల్‌లోకి పంపితే బల్ల మీద ఫ్యాను గిరగిరా తిరిగేది.

ఆ సంగతి సైన్సు శాఖకి రాసి పంపితే ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. అక్టోబరు ఇరవై ఎనిమిదిన ఇద్దరు సైంటిస్టులు వస్తారు, ఎనిమిది గంటలు ఆగకుండా ఫ్యాను తిరిగితే తిరుపతికి ల్యాబు ఇస్తారు. నలభై నాలుగేళ్ళ వయసులో, ఎప్పుడో ఉద్యమంలో తిరుగుతూ పీహెచ్‌డీ వదిలేసుకున్న మనిషికి ఇలాంటి ఉత్తరం రెండోసారి రాదు. ఆ ఉత్తరాన్ని అతను జేబులో పెట్టుకుని తిరిగేవాడు. జైల్లో కూడా అది జేబులోనే ఉంది.

జైలెందుకంటే, అది రెండువేల పదకొండు. సకలజనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, బడులు లేవు, బొగ్గు తవ్వేవాళ్ళు కూడా పని మానేసేసరికి కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. రైల్‌రోకోకి పిల్లలందరూ పోతుంటే సారు ఇంట్లో కూర్చుంటాడా? మలక్‌పేట దగ్గర పట్టాల మీద కూర్చున్నాడు, పోలీసు వ్యాను ఎక్కాడు. పద్నాలుగు రోజుల రిమాండు. ఆ తర్వాత బెయిలు అడగడానికి వకీళ్ళు కూడా సమ్మెలోనే ఉన్నారు. ఇంకో ఆరు రోజులు అలా పోయాయి.

వ్యాను ఎక్కే ముందు అతను చేసింది ఒకటే ఫోను. అది పెళ్ళానికి కాదు. ఇంటి ఓనరు విశ్వేశ్వరరావు గారికి.

"సార్, డ్రమ్ము జర చూస్కోండ్రి. పొద్దుగాల ఒక గ్లాసు రసం, మాపటికి ఒక గ్లాసు. పులుపు చూసే కాగితం ముంచితే మరీ ఎర్రగైతే రెండు చెంచాల సోడా. గంతే."

"నువ్వు నిశ్చింతగా ఉండవయ్యా. నా కన్నబిడ్డలా చూసుకుంటాను" అన్నాడాయన.

విశ్వేశ్వరరావు గారిది తెనాలి వైపు. నీటిపారుదల శాఖలో సూపర్‌వైజరుగా చేసి రిటైరై, భార్య పోయాక ఆ ఇంట్లో కింది వాటాలో ఒక్కడే ఉంటున్నాడు. తిరుపతి పై వాటాలో పన్నెండేళ్ళుగా కిరాయికి ఉన్నాడు. పొద్దున్నే పేపరు వచ్చిందంటే చాలు, ఇద్దరూ కృష్ణా నీళ్ళ మీద ఒంటికాలి మీద లేచేవాళ్ళు. కేకలు వీధి చివరిదాకా వినబడేవి. అరుణజ్యోతి రెండు గ్లాసుల చాయ్ తెచ్చి మధ్యలో పెడితే గానీ ఆగేవాళ్ళు కాదు. "మీ రాష్ట్రం మీకొచ్చాక నా పెరట్లోకి రావడానికి నాకే వీసా అడుగుతావేమోనయ్యా" అని పెద్దాయన అంటే, "మీకు ఫ్రీ సార్. మీ ఇస్త్రీ చొక్కాలకే టాక్సు" అని ఇతను. తర్వాత ఇద్దరూ కలిసి మార్కెట్టుకి పోయి కుళ్ళు బత్తాయిలు ఏరుకొచ్చేవాళ్ళు.

అలాంటి మనిషి చేతిలో డ్రమ్ము పెట్టి వెళ్ళాడు కాబట్టే తిరుపతి జైల్లో కాస్తయినా నిద్రపోగలిగాడు.

షెడ్డు తలుపు తియ్యగానే ముక్కుకి వాసన కొట్టింది. పులిసిన బత్తాయి వాసన రావాలి. అది కాదు. పశువుల కొట్టంలో అడుగుపెట్టినట్టుంది.

"వచ్చావా!" అంటూ వెనకాలే విశ్వేశ్వరరావు గారు పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ముందు ఇది చూడు. చూశాక మాట్లాడు. నీ డ్రమ్ము ఎప్పుడైనా ఇంత గ్యాసు ఇచ్చిందా?"

గొట్టం చివర కట్టిన లారీ ట్యూబు నిండుగా ఉబ్బి ఉంది. తిరుపతి చేతుల్లో అది ఏనాడూ సగానికి మించి నిండలేదు. పెద్దాయన ట్యూబు మూతి కొంచెం వదులు చేసి అగ్గిపుల్ల గీశాడు. భగ్గుమని మంట లేచింది. నీలంగా, నిలకడగా, వంటగదిలో స్టవ్వులా మండుతోంది.

"ఎంత చక్కగా ఉందో చూడు! నీలం మంట!"

మధుకర్ చప్పట్లు కొట్టాడు. తిరుపతి మాత్రం గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. హైడ్రోజన్ మంట పట్టపగలు కంటికి కనబడదు. కాగితం ముక్క దగ్గర పెడితే అది అంటుకోవాలి, అప్పుడే మంట ఉన్నట్టు తెలుస్తుంది. నీలంగా మండేది గోబర్ గ్యాసు, మీథేన్. ఫ్యూయెల్ సెల్‌కి అది పెట్టినా ఒకటే, గాలి పెట్టినా ఒకటే. ఫ్యాను రెక్క కూడా కదలదు.

"ఏం పోసిండ్రు సార్ దీంట్ల?" అన్నాడు.

పెద్దాయన ఉత్సాహంగా అంతా చెప్పాడు. సమ్మెలో మార్కెట్టు మూసేశారు, పండ్లు దొరకలేదు. కరెంటు గంటల కొద్దీ పోతుంటే డ్రమ్ముకి చుట్టిన హీటరు పనిచెయ్యలేదు. ఐదో రోజుకి బుడగలు ఆగిపోయాయి. ఫోను చేద్దామంటే నువ్వు లోపల ఉన్నావు. బిడ్డ కళ్ళు తేలేస్తుంటే ఎవరైనా చేతులు ముడుచుకుని కూర్చుంటారా? ఫ్రిజ్‌లో దాచిన సీసాడు విత్తనం కూడా కరెంటు లేక పాడైపోతుందని దాన్నీ డ్రమ్ములోనే పోశాను. అయినా లేవలేదు. అప్పుడు తట్టింది. ఎనభై నాలుగులో మా ఊళ్ళో మొదటి గోబర్ గ్యాస్ ప్లాంటు మా ఇంటిదే, చలికాలం అది చల్లబడితే మా నాన్న ఏం చేసేవాడో నాకు తెలియదా? పాలు పోసే కిష్టమ్మని అడిగి రోజూ ఒక బకెట్టు పచ్చిపేడ తెప్పించాను. వేణ్ణీళ్ళలో కలిపి పోశాను. పులుపు విరగడానికి సున్నపు తేట పోశాను. నాలుగో రోజుకల్లా చూడు, కుతకుతా లేచింది!

ఆయన చెప్పింది ఒక్కొక్కటీ ఆయన ఊరి లెక్కన సరైనదే. ఈ డ్రమ్ముకి ఒక్కొక్కటీ విషం. పేడలో ఉండే క్రిములు హైడ్రోజన్ని పుట్టింది పుట్టినట్టే మింగేసి మీథేన్‌గా మార్చేస్తాయి. పులుపు ఉన్నంతకాలం అవి తలెత్తలేవు, సున్నం పోసి ఆ అడ్డు కూడా తీసేశాడు. పేడ పొయ్యకూడదని తిరుపతి ఎన్నడూ చెప్పలేదు. పండ్ల డ్రమ్ములో పేడ ఎవడు పోస్తాడులే అనుకున్నాడు.

మధుకర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తాడు, తెలంగాణ జేఏసీలో తిరుగుతాడు. అతను వంగి తిరుపతి చెవిలో అన్నాడు: "ఢిల్లీవోళ్ళు వచ్చే ముంగట గిట్ల కావుడేందన్నా? తెలంగాణోనికి పేరొస్తదని కడుపు మండింది. సాఫ్‌గ కనబడుతనే ఉన్నది."

ఆ మాట అనేసి బండెక్కి వెళ్ళిపోయాడు. మామూలు రోజైతే తిరుపతి అతన్ని వెనక్కి పిలిచి తిట్టేవాడు. కానీ ఇరవై రోజుల జైలు, నాలుగేళ్ళ కష్టం, ఆ నీలం మంట, అన్నీ ఒక్కసారి నెత్తికెక్కాయి. లేచి నిలబడ్డాడు.

"కావాలనే చేసిండ్రు గదా సార్?"

విశ్వేశ్వరరావు గారికి అర్థం కాలేదు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది. "ఏవిటయ్యా?"

"మీ బుద్ధి పోనిచ్చుకోలేదు గదా! నీళ్ళు తీస్కపోయిండ్రు, కొలువులు తీస్కపోయిండ్రు. గీ డ్రమ్ము గూడ ఉండనియ్యలేదు గదా!"

మేడ మెట్ల మీంచి అరుణజ్యోతి "ఏం మాటలయ్యా అవి, నోరు ముయ్యి!" అని అరుస్తూ దిగింది. ఆమె వచ్చేసరికే తిరుపతి డ్రమ్ము అడుగున పంపు పూర్తిగా తిప్పేశాడు. నల్లటి బురద బుసబుసమని పెరటి కాలువలోకి పారింది. చాలదన్నట్టు డ్రమ్ముని తన్ని పడగొట్టాడు. మూలనున్న బ్లీచింగ్ పౌడర్ సంచీ చింపి డ్రమ్ములో, కాలువలో, నేల మీద మొత్తం చల్లాడు. బకెట్ల కొద్దీ నీళ్ళు కొట్టాడు. ఇంత పనికీ పావుగంట పట్టింది. ఆపడానికి ఎవరూ దగ్గరికి రాలేదు.

మర్నాడు పొద్దున్న పేపరు వచ్చింది, కేకలు మాత్రం లేవు. అరుణజ్యోతి ఒక్క గ్లాసే చాయ్ పెట్టింది. ఎనిమిది గంటలకి విశ్వేశ్వరరావు గారు మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. ఎప్పుడూ నలగని చొక్కా నలిగి ఉంది. చేతిలో తిరుపతి నోటుపుస్తకం. డ్రమ్ము చూసుకోమన్నప్పుడు షెడ్డులోనే ఉండిపోయింది అది.

"తిరుపతీ, లోపలికి రానులే. ఒక్క ముక్క అడిగి వెళ్ళిపోతాను." ఆయన గుమ్మం బయటే నిలబడి పుస్తకం తెరిచాడు. "ఇక్కడ రెండో పేజీలో రాసుకున్నావు. మొట్టమొదట కుప్ప నుంచి తెచ్చిన బురదని అరగంట మరిగించానని. మరిగిస్తే గ్యాసు మింగే క్రిములన్నీ చచ్చిపోతాయట, మన విత్తనం మాత్రం గట్టి పెంకు కట్టుకుని వేడికి తట్టుకుంటుందట, చల్లారాక మళ్ళీ లేస్తుందట. నిన్న నేను చూపించింది కూడా... అలా మరిగిస్తే సరిపోయేదా అని."

తిరుపతికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆ పేజీ రాసింది తను. ఈ సంగతి పిల్లలకి ఉదాహరణగా క్లాసులో చెప్పింది తను. నాలుగు గంజుల బురద పొయ్యి మీద పెట్టి అరగంట మరిగిస్తే పేడ క్రిములన్నీ చచ్చేవి, నాలుగేళ్ళ విత్తనం నిక్షేపంగా దక్కేది. పద్నాలుగు రోజుల గడువుంది. ఫ్యాను తిరిగేది. కోపం వచ్చినప్పుడు చదువు ఏ గంగలో కలుస్తుందో గానీ, పొయ్యి వెలిగించాల్సిన చేత్తో పంపు తిప్పాడు.

"ఎక్కడైనా కాస్త మిగిలిందేమో చూద్దామా?" అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ పెరట్లోకి దిగారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి పంచె ఎగ్గట్టి, కాలువ పక్కన గొంతుక్కూర్చుని, స్టీలు చెంచాతో ఇటుకల సందుల్లో గీకాడు. తిరుపతి డ్రమ్ములో తల దూర్చి గోకాడు. ఎక్కడ గోకినా తెల్లటి బ్లీచింగే. కళ్ళలో నీళ్ళు కారాయి, అవి బ్లీచింగ్ వల్ల వచ్చినవో కాదో ఎవరు చెప్పగలరు? అరగ్లాసు మడ్డి పోగయింది. దాన్ని మరిగించారు, చల్లార్చారు, ఎక్కడో దొరికిన రెండు బత్తాయిల రసం పోసి సీసాలో పెట్టారు. పెద్దాయన ఆ సీసాని ఒంటికి చుట్టుకున్న శాలువాలో వెచ్చగా పెట్టుకుని రోజుల తరబడి కూర్చున్నాడు. ఒక్క బుడగ రాలేదు. మార్కెట్టు తెరవగానే కొత్త బురద తెచ్చి మొదలుపెట్టారు. నాలుగేళ్ళ పని నాలుగు రోజుల్లో అవుతుందా? గ్యాసు వచ్చింది, ఫ్యాను రెక్క ఒకసారి వణికి ఆగిపోయేటంత.

ఆ రోజుల్లో తిరుపతి ఆయనకి క్షమాపణ చెప్పలేదు. రేపు చెబుదాం, ఈ పని కానీ అనుకున్నాడు. పెద్దాయన కూడా అడగలేదు.

ఇరవై నాలుగున సమ్మె ఆగింది. ఇరవై ఎనిమిదిన ఢిల్లీవాళ్ళు వచ్చారు. వీధిలో జనం గుమిగూడారు, మధుకర్ పిల్లల్ని కూడా తెచ్చాడు. పది నిమిషాల్లో అంతా తేలిపోయింది. వచ్చిన ఇద్దరిలో పెద్దావిడ తెలుగావిడే. నోటుపుస్తకం మొత్తం తిరగేసి, కళ్ళజోడు తీసి అడిగింది.

"ఫలితాలు చాలా బాగున్నాయి. మరి ఆ కల్చర్ ఏమైంది?"

తిరుపతి నేల చూశాడు. "మా ఓనర్ సారు... నేను లేనప్పుడు పేడ పోసిండు మేడమ్."

"పేడ పోస్తే పోయింది. మరిగిస్తే వచ్చేది కదా. మీరే రాసుకున్నారు. ఆ బురదేది?"

నేనే పారబోసిన అని అనాలి, రెండు మాటలు. జనం చూస్తున్నారు, పిల్లలు చూస్తున్నారు, ఉత్తరం ఇంకా జేబులోనే ఉంది.

"నేనే పారబోశానండి" అన్నాడు విశ్వేశ్వరరావు గారు వెనకనించి. "కంపు కొడుతోందని. తెలియక చేశాను. పాపం ఈ అబ్బాయి జైల్లో ఉన్నాడు. ఇతని తప్పేం లేదు, ఇంకొక్క అవకాశం ఇవ్వండి."

తిరుపతి తలెత్తలేదు. కాదు అనలేదు. పెద్దావిడ ఏదో రాసుకుంది. ఇంకో తేదీ ఇవ్వడం తమ చేతుల్లో లేదంది, విత్తనం కాపాడుకోలేనివాళ్ళకి ల్యాబు ఎలా ఇస్తామంది. ఇద్దరూ కారెక్కి వెళ్ళిపోయారు.

సాయంత్రానికల్లా గడ్డిఅన్నారం మొత్తం తెలిసిపోయింది. ఆంధ్రాయన కావాలని పేడ పోసి, తర్వాత సాక్ష్యం లేకుండా పారబోశాడని. ఇప్పుడు ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి? ఇస్త్రీ బండివాడు బట్టలు తీసుకోలేదు. పేడ తనే ఇచ్చిందని తన మీదికి వస్తుందన్న భయంతో కిష్టమ్మ కూడా "నీకు పాలు పొయ్య సారూ, ఏమనుకోకు" అని గేటు బయటి నుంచే వెళ్ళిపోయింది. ఆయన గోడ మీద బొగ్గుతో ఎవరో 'ఆంధ్రోడా, పో' అని రాశారు. చాయ్ కొట్టు దగ్గర ఆ కథే చెప్పుకుంటుంటే తిరుపతి పక్కనే నిలబడి విన్నాడు. చాయ్ తాగాడు, గ్లాసు పెట్టాడు, క్లాసుకి పోయాడు.

అరుణజ్యోతి ఆ రాత్రి అతనికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "నువ్వు పారబోస్తుంటే నేను చూసిన. రేపు వీధిల నిలబడి చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"నేనే చెప్త" అన్నాడు తిరుపతి. వారం గడిచింది.

ఎనిమిదో రోజు పొద్దున ఆమే వచ్చి అంది, పెద్దాయన సంచీ పట్టుకుని ఎల్‌బీ నగర్ పోయాడని, తెనాలిలో తమ్ముడింటికని. తిరుపతి చెప్పులు కూడా వేసుకోకుండా షేర్ ఆటో ఎక్కాడు. చౌరస్తాలో విజయవాడ బస్సు ఇంజను స్టార్టు చేసి ఉంది. కిటికీ పక్క సీట్లో విశ్వేశ్వరరావు గారు కనబడ్డాడు. ఇతన్ని చూసి కిటికీ అద్దం జరిపాడు.

"తాళాలు మీ ఆవిడకి ఇచ్చాను. షెడ్డు నువ్వే వాడుకో. మళ్ళీ మొదలుపెట్టు, మానకు."

"సార్, గా దినం నేనన్న మాట..."

"ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు. నేను కావాలని చేశానని నువ్వు నిజంగా అనుకున్నావా?"

"లేదు సార్. అమ్మతోడు, ఒక్క నిమిషం గూడ అనుకోలే."

పెద్దాయన తల ఊపాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు తెలుసు. మరి వీధిలోవాళ్ళతో ఆ ముక్క ఒక్కసారైనా అనలేకపోయావేం తిరుపతీ?"

తిరుపతి కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు విజిలేశాడు, బస్సు కదిలింది, చువ్వ చేతిలోంచి జారిపోయింది.

బస్సు చింతల్‌కుంట వైపు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అతను అక్కడే ఉన్నాడు. జేబులో ఫోను మోగింది. మధుకర్.

"అన్నా, ఆంధ్రాయన ఇల్లు ఖాళీ చేసిండంట గదా. పోయిండా?"

చుట్టూ జనం, ఆటోలు, కేకలు. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఫోనులోనే, ఒక్కడికే చెప్పినా చాలు, సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది.

"పోయిండు" అన్నాడు తిరుపతి. ఫోను పెట్టేశాడు.